బొమికల మీద పీహెచ్‌డీ: వైజాగ్‌లో స్టెమ్ సెల్స్‌తో నా అనుభవం

స్టెమ్ సెల్స్‌లో (వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు) పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాం అక్కా, ఎలా ఉంటుంది, జాబ్ వస్తుందా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. ఒక్కొక్కళ్లకీ ఫోన్లో గంట చెప్పే ఓపిక లేక అంతా ఒకేసారి రాసేస్తున్నా. కాస్త పెద్దదే, తీరిగ్గా చదువుకోండి.

మాది గాజువాక. నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఏయూలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ 2011లో అయింది, అప్పటికే మా బ్యాచ్‌లో సగం మంది పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ జాబుల్లో చేరిపోయారు, ఇంకొందరు బ్యాంకు పరీక్షలకి కూర్చున్నారు, నేను సీఎస్ఐఆర్ నెట్ రాశా, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. అప్పట్లో ఫెలోషిప్ నెలకి 16,000. ఇంట్లో ఉండి చేసుకుంటే సరిపోతుందిలే అని లెక్కేసుకున్నాం, హైదరాబాద్ పంపే ఉద్దేశం నాన్నకి లేదు, వెళ్లాలన్న సరదా నాకూ లేదు. అలా సిటీలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరా, పేరు ఎందుకు చెప్పట్లేదో కింద ఫెలోషిప్ సంగతి దగ్గర మీకే అర్థమవుతుంది.

నేను క్యాన్సర్ మీద చేద్దామని వెళ్తే మా గైడ్ మేడమ్ "క్యాన్సర్ అందరూ చేస్తున్నారు, నువ్వు ఎముకలు చెయ్యి" అన్నారు. ఆవిడకి తెలిసిన ఆర్థో డాక్టర్ గారు ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరికి తుంటి నొప్పితో పాతికేళ్లు ముప్ఫయ్యేళ్ల కుర్రాళ్లు వస్తున్నారు, ఎక్స్‌రే తీస్తే బంతి కుంగిపోయి ఉంటోంది. తొడ ఎముక పైన తుంటి గిన్నెలో తిరిగే బంతి ఉంటుంది కదా, దానికి రక్తం తీసుకొచ్చే నాళాలు సన్నవి, ఆ రక్తం ఆగిపోతే లోపల ఎముక చచ్చిపోతుంది, చచ్చిన ఎముక మీద మనిషి బరువు పడేసరికి ఒకరోజు కుంగిపోతుంది. దీన్ని అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు, ఏవీఎన్ అని పిలుస్తారు, మనవాళ్లు మాత్రం "బాల్ పాడైపోయింది, మార్చాలంట" అంటారు. కారణాల్లో స్టెరాయిడ్లు ఒకటి, తాగుడు ఒకటి, మా వైపు మూడోది కూడా ఉంది, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు. పాడేరు, అరకు, చింతపల్లి ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, వంకర తిరిగిన ఎర్రకణాలు సన్న నాళాల్లో అడ్డం పడి రక్తం ఆడనివ్వవు, తుంటి బంతికి అదే జరుగుతుంది. అరవయ్యేళ్లకి చెయ్యాల్సిన ఆపరేషన్ పాతికేళ్లకి చెయ్యాల్సి వస్తే ఆ కృత్రిమ బంతి జీవితాంతం రాదు, మళ్లీ మార్చాలి. అందుకని బంతి కుంగకముందే లోపలి ఎముకని మళ్లీ బతికించగలమా, ఆ పేషెంట్ సొంత మూలుగలో ఉన్న స్టెమ్ సెల్స్‌కి ఆ శక్తి ఇంకా ఉందా లేదా అన్నది నా టాపిక్.

ఇది ఇంట్లో చెప్తే మా మేనత్త "అంటే బొమికల మీద పీహెచ్‌డీయా" అంది. ఆ పేరు అలా ఉండిపోయింది.

ఇక పని. తుంటి మార్పిడి ఆపరేషన్‌లో తీసేసిన బంతి మామూలుగా పసుపు సంచిలో వెళ్లిపోతుంది, బయోమెడికల్ వేస్ట్. అది పారెయ్యకముందు దాన్నీ, తొడ ఎముక గొట్టంలోంచి వచ్చే మూలుగనీ మేం తీసుకోవాలి. అంతకంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, స్టెమ్ సెల్ పని కాబట్టి విడిగా ఐసీ-ఎస్‌సీఆర్ అని ఇంకో కమిటీ, తర్వాత ప్రతి పేషెంట్ దగ్గరా సంతకం. కమిటీల కోసం తిరిగి తిరిగి కాళ్లు అరిగాయి గానీ సంతకాల పని మాత్రం నాకు నచ్చింది, ల్యాబ్‌లో కూర్చుంటే కనపడని మనుషులు కనపడతారు. నర్సీపట్నం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కొడుక్కి ఆపరేషన్, ఫారం మొత్తం చదివి వినిపించాక అడిగింది: "అయితే ఏటమ్మా, ఆ బొమికని బాగుసేసి మళ్లీ మావోడికే పెట్టేత్తారేటి?" లేదమ్మా, ఇది పరీక్షల కోసమే, మీవాడికి దీనివల్ల ఇప్పుడు లాభం ఏమీ ఉండదు అని చెప్పా. కాసేపు నన్నే చూసి, "మరెవులికైనా పనికొత్తాదేటి" అంది. ఎప్పటికో రావొచ్చు అన్నా. "సర్లే, ఎలాగా పారేసీదే గదా" అని వేలిముద్ర వేసింది.

శాంపిల్ వస్తుందని ఫోన్ వస్తే పరుగే. హెపారిన్ ట్యూబులు, ఐస్ బాక్స్, ఆటో. ఆర్థో లిస్టులో తుంటి కేసు ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది కాబట్టి నా చేతికి వచ్చేసరికి సాయంత్రం అయ్యేది, జగదాంబ జంక్షన్ ట్రాఫిక్‌లో ఐస్ బాక్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆటో డ్రైవర్లు చేపలనుకునేవాళ్లు. ల్యాబ్‌కి రాగానే మూలుగని పలచన చేసి ఫికోల్ అనే, కణాల్ని పొరలుగా విడదీసే ద్రవం మీద మెల్లగా గోడ వెంబడి జార్చాలి, చెయ్యి వణికితే రెండూ కలిసిపోతాయి, 400 జీలో అరగంట తిప్పాలి, సెంట్రిఫ్యూజ్ బ్రేక్ ఆపెయ్యాలి, లేకపోతే ఆగేటప్పుడు కుదుపుకి పొరలు చెదిరిపోతాయి. బయటికి తీస్తే అడుగున ఎర్రకణాలు, పైన పసుపు ప్లాస్మా, మధ్యలో మీగడ తరకలా సన్నటి తెల్ల పొర. మనకి కావలసింది ఆ పొరలో ఉంది, అదీ ఎంత, లక్ష కణాల్లో ఒకటి నుంచి పది. మిగతావన్నీ రక్తం సంబంధించినవే. 1999లో పిటెంజర్ బృందం సైన్స్ జర్నల్లో ఇచ్చిన లెక్క అది.

అంత తక్కువ ఉన్నవాటిని పట్టుకోవడం ఎలా అంటే, మొదటి కిటుకు సోవియట్ రష్యాలో ఫ్రీడెన్‌స్టైన్ అనే ఆయన 1960లు, 70ల్లోనే చూపించాడు. మూలుగ కణాల్ని ప్లాస్టిక్ ఫ్లాస్క్‌లో వేసి వదిలేస్తే కొన్ని అడుగుకి అంటుకుంటాయి, అంటుకోనివి మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్చినప్పుడు కొట్టుకుపోతాయి, అంటుకున్నవి ఒక్కొక్కటీ విడివిడిగా కాలనీ కడతాయి. ఇప్పటికీ మేం చేసేది దాదాపు అదే. తర్వాత 2006లో అంతర్జాతీయ సొసైటీ వాళ్లు రూల్స్ పెట్టారు, ప్లాస్టిక్‌కి అంటుకోవాలి, పైన సీడీ73, సీడీ90, సీడీ105 అనే ప్రొటీన్లు ఉండాలి, రక్తకణాల గుర్తులు సీడీ45, సీడీ34 లాంటివి ఉండకూడదు, ల్యాబ్‌లో ఎముక, కొవ్వు, మృదులాస్థి మూడుగానూ మారగలగాలి. ఇవన్నీ పాసైతేనే మీసెంకైమల్ స్టెమ్ సెల్ అనాలి.

ఎముకగా మార్చడం అంటే మామూలు మీడియాలో మూడు కలపడం. బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఫాస్ఫేట్ ఇవ్వడానికి, విటమిన్ సీ కొలాజెన్ అల్లుకోవడానికి, మూడోది డెక్సామెథసోన్. అవును, స్టెరాయిడే, మెడికల్ షాపులో దొరికే డెక్సానే. నా పేషెంట్లలో కొందరికి బంతి పాడవడానికి కారణం ఇలాంటి స్టెరాయిడే, ఆస్తమాకో చర్మానికో ఆర్ఎంపీ దగ్గర నెలల తరబడి వాడింది. అదే స్టెరాయిడ్‌ని నేను డిష్‌లో పోసి వాళ్ల కణాల్నే ఎముక కమ్మంటున్నా! మొదట్లో ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు. డోసులో ఉంది సంగతి. పది నుంచి వంద నానోమోలార్ ఇస్తే కణాలు ఎముక దారి పడతాయి, అదే ఒక మైక్రోమోలార్, అంటే పది నుంచి వంద రెట్లు ఎక్కువ, ఇన్సులిన్, ఇంకో రెండు మందులతో కలిపి ఇస్తే కొవ్వు కణాలైపోతాయి, కొవ్వు చేసే మీడియా ఫార్ములాలో ఉండేది కూడా ఈ డెక్సానే. మనిషి ఒంట్లో కథ ఇంకా చాలా ఉంది, ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడితే ఎముకలోపలి కణాలు చచ్చిపోతాయి, మూలుగలో కొవ్వు పెరుగుతుంది. కానీ ఆ రెండు బాటిళ్ల మీద ఒకే మందు పేరు పక్కపక్కన రాస్తున్నప్పుడు, ఈ ఒక్క ప్రశ్న మీద కూర్చున్నా జీవితం చాలు అనిపించేది.

మీడియా పోశాక ఇరవై ఒక్క రోజులు ఆగాలి. రెండు మూడు రోజులకోసారి మీడియా మార్చాలి, ఆదివారం లేదు, సంక్రాంతి లేదు, మార్గశిర గురువారం అమ్మవారి గుడికి అమ్మతో వెళ్తే బురుజుపేట నుంచి అటే ల్యాబ్‌కి. ఒక ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచి కాళ్లు బొబ్బలెక్కినా మర్నాడు పొద్దున్నే వెళ్లి ప్లేట్లు మార్చా, ఎందుకంటే ఆ ప్లేట్లు మూడో వారంలో ఉన్నాయి. పైగా మన వైజాగ్ ఉక్క. ఆగస్టు సెప్టెంబర్ వచ్చిందంటే ఏసీ డక్టుల్లోంచి ఫంగస్ దిగుతుంది, పొద్దున్న ఇంక్యుబేటర్ తెరిస్తే మీడియాలో దూది ఉండలు తేలుతుంటాయి, ఒక్క ప్లేటుకి వచ్చిందంటే పక్కవి కూడా అనుమానమే, అన్నీ బ్లీచ్‌లో పొయ్యాల్సిందే. ఇక సీరం, ఎఫ్‌బీఎస్, కడుపులో దూడ రక్తం నుంచి తీసేది, ప్రాజెక్ట్ డబ్బుల్లో పెద్ద ముక్క దానికే పోతుంది, అదీ ఒక్కో లాట్ ఒక్కోలా పనిచేస్తుంది, ఒక లాట్‌లో చక్కగా పెరిగిన కణాలు ఇంకో లాట్‌లో ముడుచుకు పడుకుంటాయి. జీతం తక్కువని ఏడ్చే జూనియర్లకి ఇది కూడా తెలియాలి, మీ జీతం కన్నా మీ కణాల తిండి ఖరీదు.

ఇరవై ఒకటో రోజు రంగు వెయ్యడం ఉంటుంది, అలిజరిన్ రెడ్. దీనికోసమే ఈ ఫీల్డ్‌లో చాలామంది ఉంటారని నా అనుమానం. మీడియా తీసేసి, కాల్షియం లేని బఫర్‌తో కడిగి, ఫార్మలిన్‌లో కణాల్ని బిగించి, పీహెచ్ 4.2 దగ్గర సరిచేసిన రంగు పొయ్యాలి, ఆ పీహెచ్ కొంచెం అటూఇటూ అయినా రంగు సరిగ్గా పట్టదు. ఇరవై నిమిషాలు ఆగి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, కడిగిన కొద్దీ ఎర్రనీళ్లు పోతూనే ఉంటాయి, అంతా పోతోందేమో అనిపిస్తుంది, చివరికి నీళ్లు తేటగా వచ్చాక అడుగున ముదురు ఎర్ర మచ్చలు మిగులుతాయి. కాల్షియం అది. ఎముక మందులు కలపని కంట్రోల్ ప్లేట్ ఖాళీగా, పక్కది కుంకుమ చల్లినట్టు. మొదటిసారి చూసి ఫొటో తీసి ఇంట్లో అందరికీ పంపించా.

మా మేడమ్ ఆ ఫొటో చూసి "బాగుంది, కానీ ఇది ఎముకని నీకెలా తెలుసు" అని అడిగారు. అప్పుడు ఒళ్లు మండింది, తర్వాత తర్వాత అర్థమైంది ఏంటంటే ఆ రంగు కాల్షియంని పట్టుకుంటుంది అంతే, ఎముకని కాదు. బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువైతే కణాలు ఏ పనీ చెయ్యకపోయినా కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుంటుంది, చచ్చిన కణాల మీద కూడా పేరుకుంటుంది, దానికీ అంతే ఎరుపు వస్తుంది. అందుకని రన్క్స్2 అనే జీన్ పెరిగిందా (అది లేకుండా పుట్టిన ఎలుకల్లో అసలు ఎముకే ఏర్పడదని 1997లో తేలింది), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ మొదటి వారం రెండో వారంలో లేచిందా, చివర్లో ఆస్టియోకాల్సిన్ అనే ఎముక ప్రొటీన్ వచ్చిందా, ఇవన్నీ వరసగా చూపిస్తే గానీ ఒప్పుకోకూడదు. ఎర్ర ప్లేట్ ఫొటో ఒక్కటే పెట్టి "స్టెమ్ సెల్స్ ఎముకగా మారాయి" అని రాసే పేపర్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, వాటిని చదివి ఉత్సాహపడిపోకండి.

ఇలా నడుస్తుండగా 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. ఆదివారం. వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు, బయటి వాళ్లకి చెప్పాలంటే గంటకి 180 కిలోమీటర్ల గాలి ఊరి మీద నుంచే వెళ్లింది, చెట్టన్నది నిలబడలేదు, కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు దొరకలేదు. మర్నాడు నాన్న స్కూటర్ మీద పడిపోయిన చెట్ల మధ్యలోంచి ల్యాబ్‌కి వెళ్లేసరికి కిటికీ అద్దాలు ఒక్కటీ లేవు, ఇంక్యుబేటర్ చల్లగా ఉంది, అందులో ఉన్న ప్లేట్లన్నీ పోయినట్టే. జనరేటర్‌కి డీజిల్ లేదు, బంకుల దగ్గర క్యూలు కిలోమీటర్ల కొద్దీ. మైనస్ 80 ఫ్రీజర్ తలుపు తియ్యకుండా టేపు వేసి పెట్టాం గానీ కరెంటు వచ్చేదాకా అది ఆగదు కదా, అందులో ఉన్న ఆర్‌ఎన్‌ఏ, కింద మైనస్ 20లో సీరం, యాంటీబాడీలు మొత్తం పోయాయి. మిగిలింది లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ ఒక్కటే, మైనస్ 196, దానికి కరెంటు అక్కర్లేదు, కానీ నైట్రోజన్ ఆవిరైపోతూ ఉంటుంది, కర్ర పెట్టి చూస్తే అడుగున కాస్తే ఉంది. పేషెంట్లందరి కణాలు ఉన్నది అందులోనే. సప్లై చేసే ఏజెన్సీ ఫోన్ ఎత్తట్లేదు. అప్పుడు మా అటెండర్ బాబాయ్ ఒకాయన "పశువుల డాక్టర్ గారి దగ్గరుంటాదమ్మా" అన్నాడు. నిజమే, ఎద్దు వీర్యం స్ట్రాలు దాచేది కూడా ఇదే లిక్విడ్ నైట్రోజన్‌లో, ఊళ్లలో గేదెలకి సూది వేసే వాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక క్యాన్ ఉంటుంది. బాబాయ్ వాళ్ల ఊరి వెటర్నరీ డాక్టర్ గారు విషయం విని ఏమీ అడక్కుండా తన క్యాన్‌లోంచి సగం పోసిచ్చారు. నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు ఉంది, వైవాలో ఎక్స్‌టర్నల్ దాని గురించే ముందు అడిగారు.

తుఫాను వచ్చిన నెల నుంచే కేంద్రం ఫెలోషిప్పులు పెంచింది, జేఆర్ఎఫ్ 25,000, అప్పటికి ఎస్ఆర్ఎఫ్‌కి (సీనియర్ ఫెలోషిప్) వచ్చిన మాకు 28,000. పెంచినట్టు కాగితం వచ్చింది గానీ డబ్బులు రావడానికి మా ఆఫీసు వాళ్లు పెట్టిన తిప్పలు ఇంకోసారి తల్చుకోను. యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లలేదని కొన్నాళ్లు, వెళ్లింది గానీ సంతకం తప్పు చోట ఉందని కొన్నాళ్లు. నెలల తరబడి రూపాయి లేక, వచ్చినప్పుడు ఒకేసారి పడేది. నేను ఇంట్లో ఉన్నా కాబట్టి గడిచింది, మా ల్యాబ్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చి ఎంవీపీ కాలనీలో రూమ్ తీసుకుని ఉన్న అబ్బాయి ట్యూషన్లు చెప్పుకున్నాడు. చేరేముందు ల్యాబ్ ఎలా ఉందో కాదు, ఆ ఇన్‌స్టిట్యూట్ అకౌంట్స్ సెక్షన్ ఎలా ఉందో సీనియర్లని అడగండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

పేపర్ పంపితే రివ్యూయర్ ఒకళ్లు భలే దెబ్బ కొట్టారు. ఏవీఎన్ పేషెంట్ల కణాలు ఎముక వైపు తక్కువ, కొవ్వు వైపు ఎక్కువ మొగ్గుతున్నాయి అని మేం చూపించాం, అప్పటికే బయట వచ్చిన పేపర్లతో సరిపోయింది. అయితే పోల్చడానికి మేం తీసుకున్నది తుంటి విరిగి ఆపరేషన్‌కి వచ్చిన వాళ్ల కణాలు, వాళ్లందరూ బాత్‌రూమ్‌లో జారిపడిన డెబ్బయ్యేళ్ల ముసలమ్మలు, ఏవీఎన్ వాళ్లేమో ముప్ఫయ్యేళ్ల మగాళ్లు. మీకు కనపడిన తేడా జబ్బుదా, వయసుదా, ఆడామగా తేడానా అన్నారు. న్యాయమైన ప్రశ్నే, ప్రపంచంలో ఈ పని చేసే ప్రతి ల్యాబ్‌కీ ఉన్న ఇబ్బందే, ఆరోగ్యంగా ఉన్న ముప్ఫయ్యేళ్ల వాడి తుంటి ఎవరిస్తారు? చివరికి డాక్టర్ గారే దారి చూపించారు, బైక్ యాక్సిడెంట్లలో కాలు విరిగిన కుర్రాళ్లకి నడుము ఎముక నుంచి గ్రాఫ్ట్ తీస్తారు కదా, అప్పుడు వాళ్ల ఒప్పుదలతో కాస్త మూలుగ. బీచ్ రోడ్డు మీద, ఎన్‌హెచ్ మీద మనవాళ్లు బండ్లు నడిపే పద్ధతికి ఆ శాంపిల్స్‌కి కొరత రాలేదు (నవ్వొద్దు). తేడా నిలబడింది, కాకపోతే ముందు అనుకున్నంత పెద్దది కాదు. స్టెరాయిడ్, తాగుడు కేసుల్లో స్పష్టంగా ఉంది, సికిల్ సెల్ వాళ్లలో శాంపిల్స్ తక్కువై గట్టిగా చెప్పలేకపోయాం. ఆ ఖాళీ ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

2018లో డాక్టరేట్ వచ్చాక సెర్బ్ (కేంద్రం వాళ్ల సైన్స్ రీసెర్చ్ బోర్డు) వాళ్ల నేషనల్ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ మీద బెంగళూరు వెళ్లా, నెలకి 55,000, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ జాడీతో. వెళ్లింది ఒక్క విషయం నేర్చుకోడానికి. డిష్‌లో ఎర్రగా రావడం కాదు, అసలు పరీక్ష ఒంట్లో. మనిషి కణాల్ని హైడ్రాక్సీ అపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే కాల్షియం ఖనిజాల పొడి రేణువుల మీద పట్టించి, రోగనిరోధక శక్తి లేని ఎలుక వీపు చర్మం కింద పెట్టి, ఎనిమిది వారాలయ్యాక తీసి కోసి చూడాలి. చాలా శాంపిల్స్‌లో పీచు తప్ప ఏమీ ఉండదు. బాగున్న శాంపిల్‌లో మాత్రం, మైక్రోస్కోప్ కింద నిజం ఎముక, దాని మధ్యలో మూలుగ, ఆ మూలుగలో రక్తం తయారవుతూ ఉంటుంది. ఎముక కట్టింది మనిషి కణాలు, అందులోకి వచ్చి చేరిన రక్తం ఎలుకది. మన కణాలు ఇల్లు కడితే వాళ్ల రక్తం అద్దెకి దిగింది, ఆ స్లైడ్ చూసిన రోజు భోజనానికి కూడా లేవలేదు.

అక్కడే ఎముకకి లేబుల్ వెయ్యడం నేర్చుకున్నా. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఎలుకకి ఇస్తే అది ఆ రోజు కొత్తగా గట్టిపడుతున్న ఎముకలోకి వెళ్లి కాల్షియంని పట్టుకు కూర్చుంటుంది, కొన్ని రోజులాగి మళ్లీ ఇస్తారు, తర్వాత యూవీ వెలుగులో చూస్తే రెండు పసుపు గీతలు మెరుస్తాయి, గీతల మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక రోజుకి ఎంత పెరిగిందో వచ్చేస్తుంది. కాల్షియం తీసేస్తే గీతలూ పోతాయి కాబట్టి ఎముకని గట్టిగా ఉండగానే రెసిన్‌లో పోసి కొయ్యాలి, బ్లేడ్లు విరిగిపోతాయి. చిన్నప్పుడు ఈ మందు వాడిన పిల్లల పళ్లు పచ్చబడేది కూడా ఇదే కారణంతో. ఇక్కడ నాకు గర్వంగా అనిపించింది ఏంటంటే, ఈ జాతి మందుల్లో మొట్టమొదటిది ఆరియోమైసిన్ 1948లో వచ్చింది అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్ నుంచి, అప్పుడు అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే సంవత్సరం ఆయన పోయారు. ఎముకలో అది మెరుస్తుందని 1957లో గానీ తేలలేదు, ఆయనకి తెలిసే అవకాశమే లేదు. ఆ ల్యాబ్‌లో ఉన్న తెలుగువాళ్లకి కూడా ఈ సంగతి తెలీదంటే చెప్పి చెప్పి బోర్ కొట్టించా.

2020లో లాక్‌డౌన్, ల్యాబ్ మూత, ఫెలోషిప్ కాలం ఐపోవడం అన్నీ ఒకేసారి. ఇంటికి వచ్చేశా. 2021 సెకండ్ వేవ్ అయ్యాక మా డాక్టర్ గారు ఫోన్ చేసి "అమ్మా, నీ కేసులు పెరుగుతున్నాయి" అన్నారు, కోవిడ్‌లో స్టెరాయిడ్ వాడి బతికినవాళ్లు కొన్ని నెలలకి తుంటి నొప్పితో వస్తున్నారు. ప్రాణం నిలబెట్టింది ఆ మందే, దాన్ని తప్పు పట్టడానికి లేదు.

ఊళ్లోకి వచ్చాక ఎక్కువైన ఇంకో పని, బంధువులకి జవాబులు చెప్పడం. మోకాలికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అంట, లక్షల్లో అంట, వేయించుకోమంటావా అని వారానికొకరు. మేనత్త అయితే బ్రోచర్ పట్టుకొచ్చింది, మీద నవ్వుతున్న ముసలాయన మెట్లెక్కుతున్నాడు. నేను చెప్పేది ఇంతే. మన ఐసీఎంఆర్ (దేశంలో వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం రక్తం జబ్బులకి చేసే మూలుగ మార్పిడి లాంటివి మాత్రమే చికిత్స కింద చెయ్యొచ్చు, మిగతాది అనుమతి తీసుకున్న ట్రయల్‌లోనే చెయ్యాలి, ట్రయల్ అంటే పేషెంట్ దగ్గర డబ్బులు తీసుకోకూడదు, లక్షలు అడిగారంటేనే అనుమానించాలి. దాని తర్వాత 2022లో మన డ్రగ్ కంట్రోలర్ మోకాలి ఆర్థ్రైటిస్‌కి ఒక మూలుగ స్టెమ్ సెల్ ఉత్పత్తికి అనుమతి ఇచ్చింది, అది మధ్య స్టేజీలో ఉన్నవాళ్లకి, చిప్ప పూర్తిగా అరిగిపోయిన మా అత్తకి కాదు. ప్రతి సందులో "మీ కొవ్వులోంచే తీసి మీకే పొడుస్తాం" అనేవాళ్లకీ దీనికీ సంబంధం లేదు. ఇటలీలో వైద్యం చదవని ఒకాయన స్టామినా అని ఫౌండేషన్ పెట్టి నరాల జబ్బులున్న పిల్లలకి ఈ కణాలే ఎక్కిస్తే, పేషెంట్ల కుటుంబాలు కూడా ఆయన వైపే రోడ్ల మీదకి వస్తే, ఎదురు నిలబడిన సైంటిస్టుల్లో పావోలో బియాంకో ఒకాయన, ఎముక స్టెమ్ సెల్స్‌లో ఆయన పేపర్లు మాకు పాఠాలు. 2015లో పోయారు. ఆయన గోల ఒక్కటే, ఈ కణాలు ఎముక చేస్తాయి, అది రుజువైంది, గుండె, మెదడు, లివర్ చేస్తాయని ఎవరూ రుజువు చెయ్యలేదు. నేను ఇదంతా చెప్తే అత్త "అయితే నీ చదువు దేనికే" అంది. సమాధానం లేక ఫిజియోథెరపీ దగ్గరికి తీసుకెళ్లా, ఇప్పుడు కాస్త నయమే.

ప్రస్తుతం పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో చేస్తున్నా. ఇంప్లాంట్లు, స్క్రూలు, ఎముక సిమెంట్ మనిషి ఒంట్లోకి వెళ్లేముందు కణాలకి హాని చేస్తాయా లేదా చూడాలి, ఐఎస్ఓ 10993 అని స్టాండర్డ్ ఉంది, వస్తువుని 37 డిగ్రీల్లో మీడియాలో నానబెట్టి ఆ నీళ్లు ఎలుక కణాల మీద పోస్తాం, బతికున్న కణాల్లో ముప్ఫై శాతం కంటే ఎక్కువ తగ్గుదల కనపడితే ఫెయిల్. పేపర్లు రావు, జీతం మాత్రం నెలాఖరుకి పడుతుంది. "ఇంత చదివి టెస్టింగా" అన్న ఫ్రెండ్స్ ఉన్నారు, నాకైతే ఏ బాధా లేదు, కణాల్ని బతికించడం చేతకావడమే ఇక్కడ అసలు అర్హత, అది నాకు హుద్‌హుద్ నేర్పింది.

సికిల్ సెల్ ఖాళీని మాత్రం వదల్లేదు. 2023లో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక ఏజెన్సీలో టెస్టులు పెరిగాయి, పెద్దయ్యాక నొప్పితో వచ్చేవాళ్లు కాకుండా ముందే ఎవరికి జబ్బుందో తెలుస్తోంది. ఏవీఎన్ మొదటి స్టేజీలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎంఆర్ఐలో దొరుకుతుంది. ఆ స్టేజీలో బంతిలోకి చిన్న కన్నం పెట్టి ఒత్తిడి తగ్గించి, పేషెంట్ సొంత మూలుగనే చిక్కబరిచి లోపలికి ఎక్కించే పద్ధతి ఫ్రాన్స్‌లో హెర్నిగూ అనే డాక్టర్ గారు చాలా ఏళ్లు చేశారు, ఆయన 2002 పేపర్లో తేలింది ఏంటంటే బంతి కుంగకముందు చెయ్యాలి, ఎక్కించిన దాంట్లో పనికొచ్చే కణాలు ఎన్నున్నాయన్నది ముఖ్యం. మరి సికిల్ సెల్ ఉన్న మనవాళ్ల మూలుగలో అలాంటి కణాలు ఎన్నుంటాయి, అవి ఎంత గట్టివి? డాక్టర్ గారూ, మా మేడమ్, నేనూ కలిసి దీని మీద ప్రపోజల్ పెట్టాం, సెలవు రోజుల్లో నేను పని చేసేట్టు.

కమిటీ వాళ్లు ఒక మాట అడిగారు, పేషెంట్లలో చాలామంది తెలుగు చదవలేరు, ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, అలాంటప్పుడు తెలుగు ఫారం మీద వేలిముద్ర తీసుకుంటే ఎలా అని. నిజమే కదా. ఇప్పుడు అరకు వైపు ఒక ఆశా వర్కర్ అక్కతో ఆడియో చేయిస్తున్నాం. మొదటిసారి రికార్డ్ చేసి వినిపిస్తే ఆవిడే మధ్యలో ఆపి, "మేడమ్, దీనివల్ల మీకు లాభం లేదు అని ఒక్కసారి చెప్తే సరిపోదు, మావాళ్లు ఆసుపత్రిలో ఏది చేసినా వైద్యమే అనుకుంటారు, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పెట్టండి" అంది. అలాగే మార్చి మళ్లీ పంపాం, ఫైలు కమిటీ దగ్గరుంది.